నానబెట్టిన గడ్డి

గుళికలు పెట్టమంది డాక్టరమ్మ.
గుండె ఝల్లుమంది నాకు.
గుళికలంటే ఏటుకూరు పొలాల్లో
చేతికి కవరు తొడుక్కుని
గాలివాలు చూసుకుని చల్లే మందే గదా.
"విషం కాదు మీరావలీ, గడ్డే.
ఎండబెట్టి, పొడికొట్టి, అచ్చుల్లో ఒత్తిన గడ్డి" అని
సంచిలోంచి నాలుగు తీసి నా అరచేతిలో పోసింది.
చిటికెనవేలి కణుపంత.
ఆకుపచ్చా కాదు, బూడిదరంగూ కాదు.
వాసన చూశాను. దుమ్ము లేదు.
అదే నా మొదటి అనుమానం.

ఇరవై రెండేళ్ళు నూరీని దుమ్ముతోనే మేపాను.
కొల్లిపర నుంచి మినీ లారీలో దిగేవి పిల్లిపెసర కట్టలు.
తాడు కోసీ కోయగానే భళ్ళున విచ్చుకుని
సంగడిగుంట సందంతా మాగాణి అయిపోయేది.
కట్ట నడుమ ఒకసారి ఎండిన కప్ప,
ఒకసారి కొడవలి పిడి,
ఒకసారి ఎవరి చేతిదో పచ్చగాజు ముక్క.
ఆ గాజు ఇంకా మా కిటికీలో ఉంది.
వానాకాలం కట్టల అడుగున బూజు,
ఎండాకాలం యార్డు వైపు నుంచి మిరప ఘాటు,
రెంటి మధ్యా దాని దగ్గు.

దగ్గంటే సరే, అందరం దగ్గేవాళ్ళమే.
కానీ నమిలి నమిలి మింగకుండా
ఉండలు కింద పడేయడం మొదలెట్టింది.
పొద్దున ఊడుస్తుంటే చీపురుకు మెత్తగా తగిలేవి.
జీను పట్టీ రెండు రంధ్రాలు లోపలికి పోయింది.
మాఘమాసం పెళ్ళిలో పెళ్ళికొడుకు బాబాయి
"ఇది గుర్రమా, గుర్రం ఎముకలా" అని
ఐదొందలు కోసుకుని ఇచ్చాడు.
జరీ గుడ్డ కప్పి ఉంచాను గనక
మిగతాది చూడలేదు.

డాక్టరమ్మ దాని నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి
"దవడపళ్ళు లేవు, ఉన్నవి నున్నగా అరిగిపోయాయి" అంది,
రోలు గంటు కొట్టించుకోవాలని చెప్పినంత మామూలుగా.

బస్తా ట్రాన్స్‌పోర్టులో వచ్చింది.
కట్టలకంటే ఖరీదే. చోటు మాత్రం తక్కువ,
గడ్డివాము అంతా ఒక మూలకి సరిపోయింది.
పొడిగా పెడితే గొంతుకు అడ్డం పడుతుందట.
ఫజరుకు ముందే బకెట్లో రెండింతల నీళ్ళు పోసి
నమాజు చేసుకుని వచ్చి మూత తీస్తే
గుళికలు లేవు.
ఉబ్బి, విరిగి, ఒకదాన్లో ఒకటి కరిగి,
అప్పుడొచ్చింది వాసన.
తొలివాన పడ్డ గట్టు వాసన.
ఎక్కడ దాక్కుందో అంతసేపూ.

పళ్ళూడాక మా దాదీమాకి
ఇత్తడి కల్వంలో పాన్ దంచి ఇచ్చేవాడు అబ్బా.
ఆమె కళ్ళు మూసుకుని బుగ్గన పెట్టుకునేది.
"నమలడం ఒకడిది, రుచి ఒకరిది" అని నవ్వేవాడు.
ఇదీ అంతే.
ఎక్కడో ఏ మిషనో ముందే నమిలి పంపింది.

పట్టీ ఒక రంధ్రం వెనక్కొచ్చింది.
దగ్గు తగ్గింది. కాదనను.

కానీ ఊరేగింపు ముగించుకుని రాత్రి రెండింటికి వచ్చి
దాని పక్కనే మంచం వాల్చుకుంటే
కరకర, కరకర, మధ్యలో ఒక ముక్కు చీదుడు,
ఆ చప్పుడులోనే నాకు నిద్ర పట్టేది ఇన్నేళ్ళూ.
ఇప్పుడు అరగంటలో బకెట్ ఖాళీ.
అంచులు నాకి నాకి మెరిపిస్తుంది.
ఆ తర్వాత రాత్రంతా
మిగిలిపోతోంది ఇద్దరికీ.

మొన్న గోడవారన చూశాను.
అబ్బా తోలిన జట్కా కర్ర,
పాతిక ఏళ్ళుగా చెద కూడా ముట్టనిది,
చివర తెల్లగా చెక్కుకుపోయి ఉంది.
తిట్టబోయాను. నోరు రాలేదు.
ఆకలి తీరినా
నోటికి పని తీరలేదు దానికి.

డాక్టరమ్మకి చెప్పలేదు.
పడుకోబోయే ముందు కాలువ గట్టు గరిక
పిడికెడు కోసుకొచ్చి, సుతిలి తాడుతో మేకుకు వేలాడదీస్తున్నా.
మింగదు. మింగలేదు.
నములుతుంది.
పొద్దున్నే ఉండలు ఊడుస్తాను.
నిన్న పదకొండు.